బడికి తోడు పుస్తకశాల: తెలుగు గ్రంథాలయోద్యమమును జంషెడ్‌పూరు తెలుగువారును

సువర్ణరేఖా, ఖర్కాయీ నదుల సంగమమునకు చేరువనున్న సాక్చియను పల్లెయొద్ద 1908లో ఉక్కు కర్మాగార నిర్మాణ మారంభమైనది. 1912 ఫిబ్రవరిలో తొలి ఉక్కుదిమ్మె వెలువడెను. 1919 జనవరిలో రాజప్రతినిధి చెమ్స్‌ఫర్డు ప్రభువు ఆ పట్టణమునకు జంషెడ్‌జీ టాటా పేరిట జంషెడ్‌పూరని నామకరణము గావించెను. కాళీమాటి స్టేషను టాటానగరు అయ్యెను. బెంగాలు–నాగపూరు రైలుమార్గము అంతకు ముందే ఉత్తర సర్కారులను తూర్పు భారతముతో కలిపియుండుటచే గంజాము, విశాఖపట్టణము జిల్లాల తెలుగువారికి ఈ క్రొత్త పట్టణము దూరదేశము కాలేదు. కొలిమిలోను, యంత్రశాలలోను, కచేరీలలోను పనులు సంపాదించి వారిచట నిలిచిపోయిరి. బిష్టుపూరులోని ఆంధ్రభక్త శ్రీరామమందిరము, కదమాలోని ఆంధ్ర అసోసియేషను వారి స్థిరనివాసమునకు నేటికిని సాక్షులు. 1950 నవంబరులో జాతీయ లోహశోధనాలయమును ప్రధానమంత్రి నెహ్రూ ప్రారంభించిన పిమ్మట కేంద్రప్రభుత్వ సంస్థలలో ఉద్యోగము చేయు తెలుగు కుటుంబములును వారితో చేరినవి.

దేవాలయము నిలిచినది, సంఘము నిలిచినది. ఇంటిలో మాటయు చాలవరకు నిలిచినది. నిలువనిది అక్షరము. తాత తెలుగున ఉత్తరము వ్రాసెను. తండ్రి దానిని కూడబలుకుకొని చదివెను. మనుమడు తెలుగు మాటలాడును గాని వీథిలో తెలుగుపలక కనబడినచో ప్రక్కవానిని అడుగును. ప్రవాసాంధ్ర కుటుంబములలో ఇది అరుదైన కథ కాదు. హిందీయు ఇంగ్లీషును బోధనభాషలుగా గల బడికి పోవు బాలునికి తెలుగు లిపి నేర్పవలసినవా రెవరు? బడియా, ఇల్లా, సంఘమా? ఈ ప్రశ్న జంషెడ్‌పూరులో పుట్టినది కాదు. నూరేండ్లకు పూర్వమే తెలుగుదేశము నడిబొడ్డున, హైదరాబాదు నగరమున, ఇదే ప్రశ్న పుట్టినది. దానికి ఆనాటివారు చెప్పిన సమాధానము గ్రంథాలయము.

నిజాము రాజ్యమున తెలుగు మాటలాడువారు జనసంఖ్యలో దాదాపు సగము. అయినను రాజభాష ఉర్దూ, ఉన్నతపాఠశాలలలో బోధనభాష ఉర్దూ. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయమునను ఉర్దూయే. తెలుగు బిడ్డ తన యూరిలోనే భాషావిషయమున ప్రవాసియై యుండెను. అట్టిచోట 1901 సెప్టెంబరు 1వ తేదీన కొమఱ్ఱాజు లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వేంకటరంగారావు, రావిచెట్టు రంగారావు ప్రభృతులు శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును స్థాపించిరి. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము వెలసెను. పేరులను గమనింపవలెను. ఇవి పుస్తక భాండాగారములు మాత్రమే కావు, భాషానిలయములు. రాయలయు రాజరాజనరేంద్రునియు పేరు పెట్టుకొనుటలో పూర్వవైభవ స్మరణ మున్నమాట నిజమే. కాని బడిలో చోటు దొరకని భాషకు తలదాచుకొన ఒక యిల్లు కట్టుచున్నామను ఎఱుకయు అందున్నది.

ఇల్లు కట్టినంతనే సరిపోదు. అందు పెట్టుటకు పుస్తకములు కావలెను. ఆనాడు తెలుగున కావ్యములకు కొదువ లేదు గాని చరిత్ర, ప్రకృతిశాస్త్రము, మహనీయుల జీవితము విద్యార్థికి అర్థమగునట్లు చెప్పు గ్రంథములు బహుస్వల్పము. లక్ష్మణరావుగారు 1906లో విజ్ఞానచంద్రికా గ్రంథమండలిని నెలకొల్పుటకు ఈ కొఱతయే కారణము. మండలి తొలి గ్రంథము గాడిచర్ల హరిసర్వోత్తమరావు రచించిన అబ్రహాము లింకను చరిత్ర. గాడిచర్లవారి కథయు ఇచట స్మరింపదగినది. 1907లో రాజమహేంద్రవరము ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో విద్యార్థిగానుండి, వందేమాతర నినాదము కారణముగా కళాశాలనుండి బహిష్కృతులైరి. సర్కారుబడిలో పంతులు కావలసిన యువకుడు దానికి దూరమై, కడకు ఆంధ్రదేశమున వయోజనవిద్యకును గ్రంథాలయోద్యమమునకును పెద్దదిక్కయ్యెను. బడి వెలివేసినవానిని గ్రంథాలయము చేరదీసినదనవచ్చును.

తెలంగాణమున బడి పెట్టుటయే కష్టమైన రోజులవి. 1920వ దశకమున ప్రైవేటు పాఠశాల స్థాపనకు ప్రభుత్వానుమతి కావలెను. సభ జరుపుటకును అనుమతి కావలెను. ఇట్టి నిర్బంధముల నడుమ గ్రంథాలయము పఠనమందిరముగా మాత్రము మిగులలేదు. అక్షరము దిద్దించు చోటుగను, ఉపన్యాసము వినిపించు చోటుగను, పత్రిక చదివి వినిపించు చోటుగను మారెను. ఆంధ్రోద్యమమున అగ్రగణ్యులైన మాడపాటి హనుమంతరావుగారు 1928లో హైదరాబాదున తెలుగు బాలికల పాఠశాలను నెలకొల్పిరి. తెలుగున బోధించు బడికి రాజ్యములోని విశ్వవిద్యాలయము నీడ దొరకకపోగా, ఎక్కడో పుణ్యపట్టణమున కార్వే మహాశయుని మహిళా విశ్వవిద్యాలయముతో అనుబంధము కల్పించుకొనవలసి వచ్చెను. 1943లో ఆంధ్రసారస్వత పరిషత్తు ఏర్పడి తెలుగు పరీక్షలు నిర్వహింప నారంభించెను. భాషానిలయము, బాలికల బడి, పరిషత్తు పరీక్ష అను మూడింటిని మూడు సంస్థలుగా చరిత్రకారులు వేర్వేఱు అధ్యాయములలో వ్రాయుదురు. వాటి వెనుకనున్నది ఒకే ఉద్యమము. పుస్తకము, గురువు, పరీక్ష అను మూడు అంగములతో అది ఒక పూర్ణవిద్యాలయము. గోడలు మాత్రము వేర్వేఱుచోట్ల నున్నవి.

కోస్తా జిల్లాలలో స్థితి వేఱు. అచట తెలుగు బడులు కలవు. లోపము బడి తరువాత. నాలుగైదు తరగతులు చదివి పొలమునకో మగ్గమునకో మఱలిన బాలుడు పదేండ్లలో చదివినదంతయు మఱచి వ్రేలిముద్ర వేయుచుండెను. బడికై పెట్టిన ధనమంతయు ఇసుకలో పోసిన నీరగుచుండెను. ఈ నష్టమును ఆపుటయే ఇచటి గ్రంథాలయోద్యమమునకు ఒక ముఖ్యోద్దేశము. బెజవాడలో 1911లో రామమోహన గ్రంథాలయము వెలసెను. 1914 ఏప్రిలు 10వ తేదీన అయ్యంకి వేంకటరమణయ్య ప్రభృతుల కృషిచే ఆంధ్రదేశ గ్రంథభాండాగార ప్రతినిధుల ప్రథమ మహాసభ ఆ నగరముననే జరిగెను. అధ్యక్షులు చిలకమర్తి లక్ష్మీనరసింహము. ఆయనను కవిగను, గయోపాఖ్యాన కర్తగను అందఱు నెఱుగుదురు. ఆయన రాజమహేంద్రవరమున బడి నడిపిన పంతులనియు, 1909లో హరిజన బాలురకై ప్రత్యేకముగా పాఠశాల స్థాపించినవాడనియు స్మరించువారు తక్కువ. గ్రంథాలయముల తొలిసభకు ఒక బడిపంతులు అధ్యక్షత వహించుట యాదృచ్ఛికమే కావచ్చును. అయినను అది సముచితమైన యాదృచ్ఛికము.

ఆ పిమ్మటి పాతికేండ్లలో ఉద్యమము తొక్కని త్రోవ లేదు. 1918లో వేటపాలెమున పుట్టిన సారస్వత నికేతనము నేటికిని పాత పత్రికలకై దూరప్రాంతముల పరిశోధకులను రప్పించుకొనుచున్నది. 1935లో పాతూరి నాగభూషణముగారి పూనికచే కృష్ణా కాలువపై పెదవడ్లపూడి నుండి పెదపులివఱ్ఱు వఱకు పడవ గ్రంథాలయము నడిచెను. కాలువగట్టు గ్రామములవారు పడవ వచ్చు వేళకు రేవునకు వచ్చి చదివిన పుస్తకము లిచ్చి క్రొత్తవి తీసికొనిపోవుచుండిరి. వరిబస్తాల పడవకు దారి ఇచ్చిన కాలువ పుస్తకముల పడవకును దారి ఇచ్చినది; ఖర్చు అల్పము, ఫలము అధికము. సామాన్యముగా ప్రభుత్వ పథకములు దీనికి తలక్రిందుగా నుండును.

బడిని గ్రంథాలయముతో బుద్ధిపూర్వకముగా, రాజ్యస్థాయిలో, ముడివేసినవాడు బరోడా ప్రభువు మూడవ సయాజీరావు గైక్వాడు. అయ్యంకివారి తరమునకు బరోడా ఒక పుణ్యక్షేత్రమువంటిది. 1919 నవంబరు 14వ తేదీన మద్రాసులో జరిగిన అఖిలభారత గ్రంథాలయ మహాసభకు బరోడా గ్రంథాలయశాఖాధికారి కుడాల్కరును అధ్యక్షునిగా పిలుచుకొనివచ్చిరి. ఆ నవంబరు 14తోనే నేడు జాతీయ గ్రంథాలయ వారోత్సవము మొదలగుచున్నది. అదే దినము బాలల దినోత్సవము కూడ నగుట కాలము కూర్చిన పొత్తు.

సయాజీరావు 1893లో అమ్రేలీ తాలూకాలో నిర్బంధ ప్రాథమికవిద్యను ప్రయోగాత్మకముగా ప్రవేశపెట్టి, 1906లో రాజ్యమంతటికిని విస్తరింపజేసెను. అందఱిని బడికి పంపినపిదప వారు మఱవకుండుట కేమి చేయవలెను? ఈ విచారముతోనే ఆయన 1910లో అమెరికానుండి బోర్డెనను గ్రంథాలయ నిపుణుని రప్పించి ప్రత్యేకశాఖ నేర్పఱచెను. నిర్బంధవిద్య మొదలు, గ్రంథాలయశాఖ తరువాత అను ఈ వరుసయందే మర్మమంతయు నున్నది. పల్లెవారు కొంత సొమ్ము కూడబెట్టినచో స్థానికసంస్థ అంతియు రాజ్యము అంతియు చేర్చి గ్రంథాలయమును నిలుపుచుండెను. పెక్కు గ్రామములలో దానికి చోటు బడి, గ్రంథపాలకుడు బడిపంతులు. స్వంతగ్రంథాలయము లేని ఊరికి చెక్కపెట్టెలలో పదిహేను మొదలు ముప్పది వఱకు పుస్తకములు సంచారగ్రంథాలయముగా పోవుచుండెను. రవాణా ఖర్చు రాజ్యముదే. చదివిన పెట్టె తిరిగి వచ్చును, మఱియొక పెట్టె పోవును. ఈ పద్ధతికి పాదులు త్రవ్వినవారిలో మోతీభాయి అమీను ముఖ్యుడు. ఆయనయు ఉపాధ్యాయుడే. ప్రభుత్వశాఖ పుట్టుటకు ముందే మిత్రమండలుల పేరిట పల్లెలలో గ్రంథాలయములు నెలకొల్పెను. ఇంగ్లండులో జిల్లా గ్రంథాలయములు విద్యాకమిటీల చేతిక్రిందకు వచ్చి పల్లెబడులకు పుస్తకపు పెట్టెలు పంపునట్లు 1919లో శాసనము వచ్చినది. బరోడా అప్పటికే తొమ్మిదేండ్లు ముందున్నది.

బడిపంతులే గ్రంథపాలకుడగుటలో లాభనష్టములు రెండును కలవు. పంతులునకు పిల్లవాని బుద్ధి తెలియును. ఏ పుస్తకము ఎవనిచేతి కిచ్చినచో ఫలించునో ఆయనకు తెలిసినట్లు ఇంకొకరికి తెలియదు. కాని పంతులు బదిలీ అయినచో బీరువా తాళముచెవి చేతులు మాఱును, ఒక్కొకప్పుడు చేతులు మాఱకయే మాయమగును. అంతకంటె గొప్ప చిక్కు జవాబుదారీతనము. పుస్తకము పోయినచో విలువ తన జీతమునుండి రాబట్టుదురేమోయను భయము గలవాడు పుస్తకము నెవ్వరికి నీయడు. పుస్తకము భద్రము, విద్యార్థి నష్టము. తనిఖీ అధికారి వచ్చి లెక్క సరిపోయినదని సంతసించి పోవును. కచేరీల ఆనుపానులెఱిగిన పాఠకులకు ఈ దృశ్యమును వర్ణింపనక్కరలేదు. 2005లో సవరించిన కేంద్రప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమావళిలో ఒక చక్కని నియమము కలదు: ఏడాదిలో ఎరువిచ్చినట్టియు సంప్రదించినట్టియు ప్రతి వేయి సంపుటములకు అయిదు పోయినను, అందు మోసముగాని అశ్రద్ధగాని లేనిచో, అది సహజనష్టముగా పరిగణింపవచ్చును. 2017 నాటి నియమావళియు దీనిని నిలుపుకొనినది. వేలకొలది నియమములలో పుస్తకము చదువబడుటకే పుట్టినదని ఒప్పుకొను నియమము బహుశః ఇదొక్కటే. పాఠశాల బీరువా తాళముచెవిని భద్రపఱచు ప్రతి ఉపాధ్యాయునికిని ఇట్టి అభయము అవసరము.

శాసనముల కథ త్వరగా చెప్పవచ్చును. గణితోపాధ్యాయుడుగానుండి 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథపాలకుడైన రంగనాథన్ కృషి ఫలముగా 1948లో మద్రాసు పౌరగ్రంథాలయ శాసనము వచ్చెను. జిల్లాకొక గ్రంథాలయ సంస్థ, ఇంటిపన్నుపై గ్రంథాలయ సుంకము దాని ముఖ్యాంశములు. హైదరాబాదు రాజ్యమున 1955లోను, ఉభయప్రాంతములకు కలిపి ఆంధ్రప్రదేశమున 1960లోను శాసనములు వచ్చినవి. పౌరగ్రంథాలయమునకు స్థిరమైన ఆదాయము లభించినది. ఇది స్వల్పవిషయము కాదు. కాని బడి బీరువా ప్రధానోపాధ్యాయుని క్రిందను, పౌరగ్రంథాలయము జిల్లా సంస్థ క్రిందను నిలిచి, ఒకే వీథిలో రెండు తాళములు వ్రేలాడసాగెను. ఉద్యమకాలమున పంతులే గ్రంథపాలకుడు. శాసనము వచ్చిన పిమ్మట ఒకరి మొగము నొకరు చూడని ఇద్దఱు ఉద్యోగులు.

ఈ లోపమును గుర్తించినవారు లేకపోలేదు. లక్ష్మణస్వామి మొదలియారు అధ్యక్షతన 1952లో నియుక్తమైన మాధ్యమికవిద్యా సంఘము మఱు సంవత్సరము సమర్పించిన నివేదికలో పాఠశాల గ్రంథాలయముల దుస్థితిని దాపఱికము లేక చెప్పినది. పుస్తకములు పాతవి, పిల్లల అభిరుచి నెఱుగక కొన్నవి, తాళము వేసిన బీరువాలలో నున్నవి. పౌరగ్రంథాలయములలో బాలకిశోరులకు ప్రత్యేకవిభాగ ముండవలెననియు, పౌరగ్రంథాలయము లేని చోట బడి గ్రంథాలయమునే ప్రజలకు తెఱవవలెననియు, సెలవు దినములలోను దానిని మూయరాదనియు ఆ సంఘము సూచించెను. బడి పొరుగువారికి తెఱచినచో పొరుగువారు బడిని తమదనుకొందురు. ఈ సూచన విలువ అందున్నది. 1957లో కేంద్రప్రభుత్వము నియమించిన గ్రంథాలయ సలహాసంఘమునకు అధ్యక్షుడు కె. పి. సిన్హా, బీహారు విద్యాశాఖ డైరెక్టరు. జంషెడ్‌పూరు అప్పుడు బీహారులోనిది. అయినను బీహారునకు గ్రంథాలయ శాసనము 2008లోగాని రాలేదు. 2000 నవంబరులోనే జార్ఖండు వేఱు రాష్ట్రమైయుండుటచే దాని ఫలము జంషెడ్‌పూరునకు దక్కలేదు.

దక్కినను ఆంధ్రదేశపు సుంకపద్ధతి యథాతథముగా ఇచట అతుకునా యనునది అనుమానమే. జంషెడ్‌పూరు కంపెనీ కట్టిన పట్టణము. 1924లో దానికి ఏర్పడినది పురపాలక సంఘము కాదు, నోటిఫైడ్ ఏరియా కమిటీ. వీథి, నీరు, దీపము చిరకాలము కంపెనీ బాధ్యతగానే నడిచినవి. ఇంటిపన్నును ఆధారము చేసికొని పెరిగిన గ్రంథాలయ వ్యవస్థకు ఇట్టి నేల క్రొత్తది. కనుక ఇచటి తెలుగువారు చూడవలసినది బెజవాడవైపు కంటె, శాసనములేనినాటి హైదరాబాదువైపును, పెట్టెలు పంపిన బరోడావైపును.

మాతృభాషాబోధన విషయమున రాజ్యాంగము మౌనముగా లేదు. 1956లో ఏడవ సవరణచే చేరిన 350-ఎ అధికరణము భాషాల్పసంఖ్యాకుల బిడ్డలకు ప్రాథమికదశలో మాతృభాషాబోధన సౌకర్యము కల్పించుటకు రాష్ట్రములు ప్రయత్నింపవలెనని చెప్పుచున్నది. అంతకు ముందు 1949లో జరిగిన విద్యామంత్రుల సమావేశము ఒక లెక్క కట్టినది: తరగతిలో పదిమందిగాని, బడి మొత్తమున నలువదిమందిగాని ఆ భాష పిల్లలున్నచో ఉపాధ్యాయుని నియమింపవలెను. ఉద్దేశము మంచిది. లెక్కయు అన్యాయమైనది కాదు. ఉపాధ్యాయుని జీతమునకు ఏదో ఒక కొలబద్ద ఉండవలెను గదా. కాని సాక్చీ, బిష్టుపూరు, కదమా, టెల్కోలలో పది బడులకు చెదిరిపోయిన పిల్లలు ఏ తరగతిలోను పదిమంది కారు. తొమ్మిదిమంది యున్న తరగతికి గురువు రాడు. ముగ్గురున్న తరగతి మాట చెప్పనక్కరలేదు.

గ్రంథాలయమునకు ఈ పదిమంది లెక్క లేదు. పది బడులలో చెదిరిన ముప్పదిమందిని ఒక ఆదివారము ఒక గదిలో కూర్చుండబెట్టగలది అది ఒక్కటే. అయితే బడితో పొత్తు లేనిదే ఆ ముప్పదిమంది ఎవరో ఎట్లు తెలియును? ఏ బిడ్డ ఇంటిభాష ఏదో బడి దాఖలాలలో ఉండును. ఈ నెల తరగతిలో సింధునాగరికత చెప్పుచున్నారా, జలచక్రము చెప్పుచున్నారా యనునది ఉపాధ్యాయునికి తెలియును. ఆ విషయముపై తెలుగున ఒక చిన్నపుస్తకము ఆ వారమే బిడ్డ చేతికి వచ్చినచో, తెలుగు అదనపు భారము కాక పాఠమునకు ఊతమగును. ఇచటనే సాంస్కృతిక సంఘముల పని మొదలగును. ఉగాదికి నాటకము, సంక్రాంతికి ముగ్గులపోటీ అవశ్యము ఉండవలసినవే. కాని నాటకము వినుటకు అక్షరము అక్కరలేదు. చూచి ఆనందించిన బిడ్డ మఱునాడు ఆ నాటకమును చదువగోరినచో చేతికందు పుస్తకము ఎచట నున్నది?

దీనికి వేలకొలది గ్రంథములు కావలసినపనిలేదు. పెద్దబాలశిక్ష, కొన్ని జానపద కథలు, ఒకటి రెండు శతకములు, విజ్ఞానవిషయములపై బాలలకు వ్రాసిన పుస్తకములు, ఒక నిఘంటువు, ఒక మాసపత్రిక చాలును. బీరువా పెట్టుటకు బడి ఒక మూల ఇచ్చినచో గది అద్దె యుండదు. సంఘసభ్యులలో ఒకరు వారమునకు రెండు గంటలు కూర్చున్నచో జీతము ఉండదు. మండువేసవిలో బడి మూసినపుడు ఆ బీరువాను సంఘభవనమునకు మార్చినచో మొదలియారు సంఘము కోరినట్లు సెలవులలోను అది తెఱచియుండును. పుస్తకములను ఏటికి రెండుమార్లు మార్చుటకు శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణములలోని స్వగ్రామములకు సెలవులకు పోయి వచ్చు కుటుంబములు ఎన్ని లేవు! బరోడావారి పెట్టెలో ఉండినవి పదిహేను మొదలు ముప్పది పుస్తకములు. విజయనగరము మీదుగా టాటానగరు చేరు రైలులో, ఆవకాయ జాడీ ప్రక్కన, అంతటి పెట్టెకు చోటు దొరకును.